రోజుకో ఫోటో: పట్టుచీరలో అమ్మ



ఈ ఫోటోల సంగతి ఎప్పటినుంచో రాస్తానంటూ వాయిదా వేస్తున్నాను. నిన్నటితో రెండేళ్లు నిండాయి. 731 రోజులు, 702 ఫోటోలు. తప్పిపోయినవి 29 రోజులు. కాస్త పెద్ద పోస్టే. ఓపిక చేసుకుని చదవండి.

2023 మే 6. పొద్దున ఆరింటికి అమ్మ పోయింది. గుండెపోటు. పదకొండింటికి ఫ్లెక్సీలు వేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ ఫోటో ఒకటి వాట్సాప్ చెయ్యి. మట్టి చేసే టైముకల్లా కట్టేస్తాం."

సరేనని గ్యాలరీ తెరిచాను. నా ఫోన్లో అప్పటికి పదకొండు వేల ఫోటోలున్నాయి. ధర్నాలు, రౌండ్ టేబుల్ సమావేశాలు, నిజనిర్ధారణకు వెళ్లిన ఊళ్లు, ఎఫ్ఐఆర్ కాపీలు, పగిలిన తలలు, కాలిపోయిన గుడిసెలు, ఏప్రిల్ 14న దండలేసిన బాబాసాహెబ్ విగ్రహాలు. అమ్మ లేదు. వెతికి వెతికి రెండు దొరికాయి. ఒకదాంట్లో వీపు. ఇంకోదాంట్లో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చెయ్యి ఊపుతోంది. "నన్నేం తీస్తావే, పో" అంటోందప్పుడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. పాతికేళ్లుగా ఊరూరా తిరిగి మనవాళ్ల గాయాలు ఫోటో తీసిన మనిషిని. కన్నతల్లి ముఖం ఒక్కటి లేదు.

తమ్ముడు ట్రంకుపెట్టె కింద పోశాడు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు. ఆధార్లో అమ్మ దొంగతనం ఒప్పుకున్న మనిషిలా ఉంది. ఆధార్లో మనందరం అలాగే ఉంటామనుకోండి. జాబ్ కార్డు మీద ఫోటో తడిసి, ముక్కు నుంచి కిందకంతా చెరిగిపోయింది.

అప్పుడు మా వీధి కుర్రాడొకడు అన్నాడు, "అక్కా, ఉపాధి పనిలో రోజూ ఫోటో తీస్తారుగా."

నిజమే. మా అమ్మను రోజూ ఫోటో తీసేవాళ్లు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఉపాధి హామీ పనికి హాజరు ఫోన్ యాప్‌లో ఎక్కించాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన పద్ధతి 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా తప్పనిసరి అయింది. పొద్దున ఒక ఫోటో, రెండో పూట ఇంకోటి. అందరినీ వరుసగా నిలబెట్టి తీసి ఎక్కించాలి. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే ఆ రోజు చేసిన పని చేసినట్టు కాదు. పని ముగిసినా రెండో ఫోటో కోసం ఎండలో కూర్చున్న రోజులు అమ్మ చాలా చెప్పింది.

ఫీల్డ్ అసిస్టెంట్‌ని పట్టుకుని, అమ్మ ఆఖరుగా చెరువు పూడికతీతకు వెళ్లిన రోజు ఫోటో తీయించాం. ముప్ఫైమంది ఆడవాళ్లు. మూడో వరుసలో అమ్మ. కళ్లకు ఎండ కొడుతుంటే ఎడమ చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుంది. కుడి చేతిలో పార. పెద్దది చేస్తే ముఖమంతా చుక్కలు చుక్కలుగా విడిపోయింది. అయినా అదే పంపాం. ఇంకేం చేస్తాం?

సాయంత్రానికి ఫ్లెక్సీ వచ్చింది. ఆ కుర్రాడు కంప్యూటర్లో నొసటి మీది చెయ్యి తీసేశాడు. ముఖం తెల్లగా చేశాడు. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు, మెడలో రెండు పేటల గొలుసు పెట్టాడు. వెనకాల మబ్బులు, రెండు పావురాలు. మా అమ్మ బతుకులో పట్టుచీర కట్టలేదు. నేను ఆ ఫ్లెక్సీ వైపు చూడలేకపోయాను. కూలి చేసి మమ్మల్ని చదివించిన మనిషిని చచ్చాక కూడా ఇంకెవరిలాగో వేషం కట్టిస్తే తప్ప వీధిలో నిలబెట్టలేమా అని కోపం వచ్చింది. మట్టి చేసి వచ్చాక నేనే దాన్ని విప్పి, చుట్టి, అటక మీద పడేశాను.

40వ రోజు జ్ఞాపకార్థ కూడిక అయింది. మర్నాడు జూన్ 15. పొద్దున వాకిలి ఊడుస్తున్న మా పెద్దమ్మను ఫోన్లో తీశాను. అదే మొదటి ఫోటో. రోజుకొకటి తీయాలి, మా పల్లెలో వాళ్లనే తీయాలి, శవాన్నీ గాయాన్నీ తీయకూడదు. నియమాలు ఇవే.

ఇలా రోజుకొకటి తీయడం నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31 నుంచి రోజుకొక పోలరాయిడ్ ఫోటో తీశాడు. తిన్న అన్నం, స్నేహితులు, తన గది, వీధి, ఆఖరికి తన క్యాన్సర్. 1997 అక్టోబర్ 25న చనిపోయిన రోజు దాకా తీశాడు. అదే ఆయన పుట్టినరోజు కూడా. ఆయన చేసింది తన రోజులు తాను దాచుకోవడం. మంచి పని. మన దగ్గర దానికి ఇంకో లెక్క కూడా ఉంది. మనల్ని ఇప్పటిదాకా ఎవరు తీశారు, ఎందుకు తీశారు?

ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. 1868 నుంచి 1875 మధ్య బ్రిటిష్ ప్రభుత్వం 8 సంపుటాలుగా భారతదేశ జనం ఫోటోలు అచ్చేసింది. ఏ కులం, ఏ తెగ ఎలా ఉంటుందో దొరలకు తెలియడానికి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశపు కులాల మీద 7 సంపుటాలు తెచ్చాడు. అందులో మాలల మీద, మాదిగల మీద వేర్వేరు అధ్యాయాలున్నాయి. ఆయన జనం తలలూ ముక్కులూ కొలిచేవాడు. ముక్కు వెడల్పును బట్టి మనిషి ఏ మెట్టు మీదుంటాడో చెప్పొచ్చని నమ్మిన కాలం అది.

తర్వాత మన పల్లెల ఫోటోలు పేపర్లో ఎప్పుడొచ్చాయి? 1985 జూలై 17 కారంచేడు. 1991 ఆగస్టు 6 చుండూరు. అప్పటికి నేను చిన్నపిల్లను. పేపర్లో ఆ ఫోటోల వైపు మా నాన్న చాలాసేపు చూసి, నన్ను చూడనివ్వకుండా మడిచేయడం గుర్తుంది. ఆ ఫోటోలు రావాలి, వచ్చాయి కాబట్టే ఉద్యమం వచ్చింది. కాదనను. కానీ జూలై 16న కారంచేడు మాదిగపల్లె ఎలా ఉంది? ఆ సాయంత్రం ఎవరింట్లో ఏం కూర వండారు, పిల్లలు ఏ ఆట ఆడారు? ఆ ఫోటో ఏది?

కొలిచేవాడికి మనం ఒక జాతికి నమూనా. పేపరుకు దారుణానికి సాక్ష్యం. సర్కారుకు హాజరుకు ఆధారం. ఫండ్స్ తెచ్చుకునే సంస్థలకు పేదరికానికి ముఖచిత్రం. ఏదో ఒకటి రుజువు చేసే పని లేకుండా మనల్ని ఎవరూ ఊరికే ఫోటో తీయలేదు. నేనూ తీయలేదు. అమ్మ ముఖం నా ఫోన్లో లేకపోవడానికి కారణం అదే. అమ్మ ఏ కేసుకూ పనికిరాదు.

మొదలుపెట్టాక మూడు నెలలు చచ్చేంత కష్టమైంది. పదో రోజుకే తీయడానికేం మిగల్లేదనిపించింది. అదే బోరింగు, అదే చర్చి మెట్లు, అవే మేకలు. మీటింగులకు బయట ఊళ్లు తిరిగే రోజుల్లో రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, ఎవరి దీపం వెలుగుతోందా అని వీధి చివరిదాకా వెళ్లి తీశాను. అట్లా తీసిందే 27వ ఫోటో. పదో తరగతి పిల్ల ఒకతి వీధిలైటు కింద నులకమంచం వేసుకుని లెక్కలు చేస్తోంది. ఆ లైటు ఆరు నెలలు పోరాడి వేయించుకున్నాం. దాని కింద ఎవరు కూర్చుంటున్నారో నేను ఆ రాత్రి దాకా చూడలేదు.

ఇంకో చిక్కు రంగు. ఫోన్లో బ్యూటీ మోడ్ ఉంటుంది కదా. మనిషి కనిపించగానే ముఖం తెల్లగా చేసేస్తుంది. నేను దాన్ని ఆపేసి తీస్తే పిల్లలు చూసుకుని మూతి ముడిచారు. "అత్తా, తెల్లగా వచ్చేదాంట్లో తియ్." ఏడేళ్ల పిల్ల అంది ఆ మాట. కెమెరాకు ఈ జబ్బు పాతదే. 1950ల నుంచి కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోమని ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దానిమీద తెల్ల అమ్మాయి బొమ్మ. షర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. మిగతా లోకం ఎలా వచ్చినా పట్టింపు లేదు.

నేర్చుకున్నది చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. మన రంగు మనుషుల్ని మిట్టమధ్యాహ్నం తీయకండి, వెనకాల సున్నం గోడ పెట్టకండి. గోడను చూసి ఫోన్ ముఖాన్ని నల్లటి మచ్చ చేస్తుంది. గుమ్మం లోపల ఒక అడుగు వెనక్కి నిలబెట్టండి, వెలుగు ముఖం మీద పడుతుంది. తెర మీద వాళ్ల చెంప దగ్గర వేలు పెట్టి నొక్కండి. అప్పుడు ఫోన్ ఆ చెంపను చూసి లెక్క కడుతుంది. ఆ ఏడేళ్ల పిల్లను అలాగే తీసి చూపించాను. చాలాసేపు చూసుకుంది. "నా కళ్లు ఇంత పెద్దవా" అంది. తెల్లగా రాలేదని అడగలేదు.

112వ ఫోటో గురించి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది.

మా పల్లెలో నాకు వదిన వరస అయ్యే ఆమె పక్క టౌన్లో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. అక్టోబర్లో పెద్ద వాన పడ్డ మర్నాడు బస్టాండు వెనక కాలువ పూడిక తీస్తోంది. మోకాళ్ల దాకా మురుగు. చేతులకు గ్లవుజుల్లేవు, కాళ్లకు బూట్లు లేవు. నేను అటు వెళ్తూ చూశాను, కడుపు మండింది, తీశాను. ఆమె తలెత్తి చూసి నవ్వింది కూడా. ఆ రాత్రి ఇక్కడే పెట్టాను. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ఏమంటోంది, కాంట్రాక్టరు ఏం చేస్తున్నాడు అని పెద్ద పోస్టు రాశాను. మీలో చాలామంది షేర్ చేశారు. రెండు రోజుల్లో గ్లవుజులు ఇచ్చారు. నేను గెలిచాననుకున్నాను.

మూడో రోజు సాయంత్రం వాళ్లమ్మాయి వచ్చింది. నర్సింగ్ రెండో సంవత్సరం. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అత్తా, ఆ ఫోటో మా క్లాసు గ్రూపులో వచ్చింది."

నేను ఏదో చెప్పబోయాను. శ్రమకు సిగ్గేంటమ్మా, సిగ్గుపడాల్సింది వాళ్లు కదా, ఇట్లాంటివి. వేదికల మీద చెప్పే మాటలు.

"నాకు సిగ్గు లేదత్తా. మా అమ్మ ఏం పని చేస్తుందో నేనే చెబుతాను అందరికీ. కానీ మా అమ్మ సాయంత్రం స్నానం చేసి మల్లెపూలు పెట్టుకుని చర్చి పాటలు పాడుద్ది. నువ్వు రోజూ చూస్తావు. అది ఎందుకు తీయలేదు?"

నా దగ్గర జవాబు లేదు. పోస్టు తీసేశాను. తీసేశానే గానీ, ఒకసారి వదిలిన ఫోటో వెనక్కి రాదు. ఎవరెవరి ఫోన్లలో ఉందో ఈ రోజుకీ. ఆ వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

శవాన్నీ గాయాన్నీ తీయకూడదని నియమం పెట్టుకున్న మనిషిని నేనే. ఆ కాలువ గాయం కాదనుకున్నాను. ఆమెను నా వాదనకు ఆధారంగా వాడుకున్నాను, అంతే. గ్లవుజుల కోసం గ్లవుజుల్లేని చేతులు తీస్తే చాలదా? ముఖం ఎందుకు కావాల్సి వచ్చింది? షేర్లు రావడానికి.

ఆ రోజు నుంచి ఇంకో నియమం పెట్టుకున్నాను. ఎక్కడ, ఎప్పుడు, ఎలా తీయాలో తీయించుకునేవాళ్లే చెప్పాలి. తీశాక ముందు వాళ్లే చూడాలి. వద్దంటే వాళ్ల ముందే చెరిపేయాలి. బయట పెట్టాలంటే మళ్లీ అడగాలి.

నియమం మారాక ఫోటోలూ మారిపోయాయి. అంతకుముందు సహజంగా, పనిలో ఉండగా, వాళ్లకు తెలియకుండా తీయడమే గొప్పనుకునేదాన్ని. మా పెద్దమ్మ తిట్టింది. "చేలో వంగున్నప్పుడు తీస్తావేందే? చేలో మమ్మల్ని చూడనోడెవడు? ఉండు, తలకు నూనె రాసుకొని వస్తా." అరగంట కూర్చోబెట్టింది. ఉతికిన చీర కట్టుకుని, కుర్చీ తెప్పించుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, కెమెరా వైపు సూటిగా చూస్తూ కూర్చుంది. నవ్వమన్నాను. "ఎందుకు?" అంది.

ఫ్రెడరిక్ డగ్లస్ పేరు వినే ఉంటారు. బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని, నల్లవాళ్ల విముక్తి కోసం జీవితమంతా మాట్లాడిన మనిషి. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువ ఫోటోలు తీయించుకున్నది ఆయనే. 160 దాకా దొరికాయి, అధ్యక్షుడు లింకన్‌వి కూడా అన్ని లేవు. మంచి కోటు, దువ్వుకున్న జుట్టు, గట్టి చూపు, నవ్వు దాదాపు ఉండదు. నవ్వే నల్లవాడి బొమ్మ తెల్లవాళ్ల పత్రికలు అప్పటికే వేల సంఖ్యలో వేసి ఉన్నాయి మరి. ఫోటో ఎందుకు ముఖ్యమో 1861లో ప్రత్యేకంగా ఉపన్యాసమే ఇచ్చాడు. మన బాబాసాహెబ్ సూటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. మా పెద్దమ్మకు డగ్లస్ తెలియదు, కానీ "ఎందుకు?" అన్న ఆ ఒక్క మాటలో అదంతా ఉంది.

ఉద్యమంలో నాకంటే పెద్దవాడు, నేను అన్నా అని పిలిచే ఒకాయన నిష్ఠూరంగానే అడిగాడు. "చేతిలో ఇన్ని కేసులు పెట్టుకుని పల్లెలో ముసలమ్మల ఫోటోలేంటమ్మా?" ఆయన అడగడంలో తప్పులేదు. నేనూ చాలాసార్లు అడుక్కున్నాను. ఒక సంగతి మాత్రం చెబుతాను.

మా సమాధుల దొడ్డి పక్కన రొయ్యల చెరువు ఉంది. దాని గట్టు ప్రతి ఏడాదీ కాస్త కాస్త మావైపు జరుగుతోంది. అడిగితే "ఎప్పటినుంచో ఇక్కడే ఉంది" అంటారు. 38వ ఫోటోలో మా పిల్లలు అక్కడ క్రికెట్ ఆడుతున్నారు. వికెట్లకు బదులు తాటిచెట్టు. గట్టు ఆ చెట్టుకు అవతల ఎక్కడో ఉంది. 304వ ఫోటోలో అదే చెట్టు, దాని మొదలు గట్టు మట్టిలో కూరుకుపోయింది. నేను తీసింది పిల్లల్ని, గట్టును కాదు. కానీ తేదీలతో సహా రెండూ ఉన్నాయి. సోమవారం అర్జీల రోజున ఆ రెండు ఫోటోలూ పట్టుకెళ్లాం. సర్వేయర్ రెండుసార్లు వచ్చాడు, హద్దు రాళ్లు ఇంకా వేయలేదు. తిరుగుతూనే ఉన్నాం.

అందుకని కేసులు చూసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది రాసి పెట్టుకోండి. అసలు ఫైలు ఎప్పుడూ చెరపకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపండి. కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టంలో అది 65బి సెక్షన్. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్, ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. లాయర్ని ముందే అడగండి.

అయినా ఆ అన్నకు నా జవాబు ఇది కాదు. గట్టు బయటపడకపోయినా ఆ పిల్లల క్రికెట్ ఫోటో నాకు కావాలి. ఏ ఆఫీసుకూ పనికిరాకపోయినా కావాలి.

నెలకొకసారి టౌన్లో స్టూడియోకి వెళ్లి ప్రింట్లు తీయిస్తాను. ఎవరి ఫోటో వాళ్ల ఇంటికి ఇచ్చేస్తాను. నర్సింగ్ చదివే అమ్మాయి వాళ్లింట్లో ఒకటుంది. 190వది. వదినే కబురు పెట్టి పిలిచింది. స్నానం చేసి, మల్లెపూలు పెట్టుకుని, పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఫోటో ఇక్కడ పెట్టను. అది వాళ్లది.

ఈ రెండేళ్లలో మా పల్లెలో తొమ్మిదిమంది పోయారు. ఫ్లెక్సీ కుర్రాడికి ఎవరూ ఆధార్ కార్డు పంపలేదు.

మొన్న రెండేళ్లు పూర్తవుతున్నాయని అటక మీది ఫ్లెక్సీ దింపాను. ముడతలు పడింది, పావురాలు వెలిసిపోయాయి. వాకిట్లో పరిచి తుడుస్తుంటే పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "వీడు అమ్మను పాడు చేశాడు పెద్దమ్మా. ఈ చీర చూడు" అన్నాను.

పెద్దమ్మ చాలాసేపు ఫ్లెక్సీ వైపు చూసింది.

"నీ పెళ్లికి మీ అమ్మ టౌన్లో కొట్టుకి పోయింది. నేనూ పోయా. ఇట్టాంటి చీరే. ఆకుపచ్చ, ఎర్రంచు. చేత్తో తడిమింది, భుజం మీదేసుకుని అద్దంలో చూసుకుంది. రేటు అడిగి మడిచి పెట్టేసింది. ఆ డబ్బులు నీ పెట్టెలోకి పోయినయి. నీకు చెప్పొద్దంది."

నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ అమ్మకు ఎవరో వేషం కట్టారని కోపం తెచ్చుకున్నాను. పార పట్టుకున్న ఫోటోనే నిజమైన అమ్మ అనుకున్నాను. నా ఉపన్యాసాలకు ఆ అమ్మే సరిపోతుంది మరి. అమ్మను అడిగితే ఏది కావాలనేదో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు మా ఇంటి గోడ మీద రెండూ ఉన్నాయి. నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పారతో ఒకటి. ఫ్లెక్సీలోంచి పావురాలు కత్తిరించేసి పట్టుచీరలో ఒకటి. ఇవాళ్టి ఫోటో ఆ గోడే. కింద కుర్చీలో పెద్దమ్మ కూర్చుంది. నేను నవ్వమనలేదు.

మీ ఇంట్లో అమ్మ ఉంటే, నాన్న ఉంటే, ఈ పోస్టు చదవడం ఆపి వెళ్లండి. ఎలా తీయమంటావని అడిగి తీయండి.

జై భీమ్.